లోటు పూడ్చుకోవడానికి ఊరుమ్మడి జాగాలు అమ్మవచ్చునా?

పొదిలి: వేలం అంటే ఏమిటో ఈ ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పొగాకు వేలం కేంద్రంలో బేలు పక్కన నిలబడి, ఇవాళ కిలో ఎంత పలుకుతుందోనని ఎదురుచూసిన రైతులు చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ధర నచ్చకపోతే బేలును వెనక్కి తెచ్చుకోవచ్చు. గతిలేక నష్టానికే ఇచ్చుకున్నా, వచ్చే ఏడు మళ్లీ నారు పోసుకోవచ్చు. ఈ రెండు వెసులుబాట్లూ లేని వేలం ఇంకొకటి ఉంది. అది ఊరుమ్మడి జాగాల వేలం. అక్కడ "మూడోసారి" అన్న మాట వినిపించాక ఆ జాగా ఇక ఊరిది కాదు.

ఖజానాలో డబ్బు లేనప్పుడు ప్రభుత్వ స్థలాలు, పంచాయతీ స్థలాలు, మునిసిపల్ స్థలాలు అమ్మి రోజులు గడుపుకుందామన్న ఆలోచన ఏ ఒక్క పార్టీదీ కాదు. ఏ ఒక్క రాష్ట్రానిదీ కాదు. గుంటూరులో ఆ ప్రయత్నం జరిగింది. హైదరాబాదులో జరిగింది. సముద్రాల అవతల ఇంగ్లండులోనూ జరుగుతున్నది. రోడ్డు పక్క సెంటు ధర పెరిగిన ప్రతి ఊరికీ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న రాక తప్పదు కాబట్టి, మన వంతు రాకముందే దానిని నాలుగు వైపులా తిప్పి చూడడం మంచిది.

లోటు ఎక్కడిది?

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. స్థానిక సంస్థలకు డబ్బు లేదన్నది సాకు కాదు, నిజం. గ్రామ పంచాయతీకి సొంతంగా వచ్చేవి ఇంటిపన్ను, కుళాయి రుసుము, సంత ఆశీళ్లు, కొట్ల అద్దెలు, లేఅవుట్ల రుసుములు. ప్రభుత్వం వసూలు చేసి పంచవలసినవి సీనరేజి వాటా, ఆస్తుల బదిలీపై వేసే సర్‌చార్జి. ఇవి కాక కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు. ఖర్చు వైపు చూస్తే వీధిదీపాలు, మంచినీటి మోటార్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, కాలువల పూడికతీత, బ్లీచింగు. ఇవి నెల తిరిగేసరికి పెట్టక తప్పని ఖర్చులు. బోర్లలో నీరు లోతుకు పోయిన ఊళ్లలో మోటారు ఎక్కువసేపు ఆడాలి, కరెంటు బిల్లు ఆ మేరకు పెరగాలి.

2018 ఆగస్టు నుంచి 2021 ఏప్రిల్ దాకా మన రాష్ట్రంలో ఎన్నికైన పంచాయతీలే లేవు. ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఎన్నికైన పాలకవర్గాలు లేవన్న కారణంతో కేంద్ర నిధులకూ ఆటంకం వచ్చింది. తీరా ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చున్న 2021లోనే, ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ కట్టుకొని తమ ఖాతాలు ఖాళీ చేశారంటూ వారు ఆందోళనకు దిగవలసి వచ్చింది. అధికార పక్షం మద్దతుతో గెలిచినవారు కూడా అందులో ఉన్నారు.

ఇటువంటి స్థితిలో పన్ను పెంచితే ప్రతి గడపా కోపిస్తుంది. బకాయిలు గట్టిగా వసూలు చేయబోతే, ఎక్కువ బకాయి ఉన్నవాడే ఎక్కువ పలుకుబడి ఉన్నవాడుగా తేలుతాడు. అదే వాడుకలో లేని బందెలదొడ్డి స్థలం అమ్మితే? ఏ ఇంటి ముందూ గొడవ జరగదు. ఎవరి జేబులోంచీ రూపాయి పోయినట్టు కనిపించదు. అమ్మకం వైపు మొగ్గు చూపడానికి అసలు కారణం ఇదేనని ఈ విలేకరి అభిప్రాయం. మిగిలిన కారణాలన్నీ తరువాత తీర్మానంలో రాసుకునేవి.

గుంటూరు అనుభవం

2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'మిషన్ బిల్డ్ ఏపీ' పేరిట ఒక పథకం తలపెట్టింది. ప్రభుత్వ స్థలాలను గుర్తించి, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌బీసీసీ ద్వారా వేలం వేసి, వచ్చిన సొమ్మును నవరత్నాలు, నాడు-నేడు వంటి పథకాలకు వాడాలన్నది ఉద్దేశం. 2020 వేసవిలో, కరోనా లాక్‌డౌన్ నడుస్తున్న రోజులలో, తొలి విడతగా గుంటూరులోనూ విశాఖపట్నంలోనూ కలిపి 9 స్థలాలకు వేలం ప్రకటన వెలువడింది. మొత్తం విలువ సుమారు 208 కోట్ల రూపాయలని అంచనా. గుంటూరులో ప్రకటించిన వాటిలో నల్లపాడు స్థలం, శ్రీనగర్ కాలనీ స్థలంతో పాటు నగరం నడిబొడ్డున ఉన్న పీవీకే నాయుడు మార్కెట్ స్థలం కూడా ఉంది.

మిర్చి, పత్తి, అపరాల పనిమీద గుంటూరు వెళ్లి వచ్చే మన రైతులకు ఆ మార్కెట్ పేరు కొత్తది కాదు. ఒక నగరానికి కూరగాయల మార్కెట్ స్థలం అంటే ఏమిటి? దానిని మళ్లీ కొనాలంటే ఆ చోట దొరకదు. ఊరి బయట ఎక్కడో దొరుకుతుంది. అప్పుడు కూరలు అమ్మేవారూ కొనేవారూ కూడా ఆటోచార్జీలు పెట్టుకోవాలి. వేలంలో వచ్చిన కోట్లు లెక్కలో కనిపిస్తాయి గాని, ఈ ఆటోచార్జీలు ఏ లెక్కలోనూ కనిపించవు.

వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ప్రజాప్రయోజన వ్యాజ్యాలు పడ్డాయి. వేలం ఖరారు చేయవద్దని కోర్టు చెప్పడంతో అమ్మకం నిలిచింది. కోర్టు విషయం అలా ఉంచి, అదే 2020లో జరిగిన ఇంకొక సంగతి పాఠకులు గుర్తు చేసుకోవాలి. ఆ సంవత్సరం డిసెంబరు 25న పేదలకు ఇళ్ల స్థలాల పట్టాల పంపిణీ మొదలయింది. ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం దాదాపు 30 లక్షల 75 వేల మందికి, 68 వేల ఎకరాలకు పైచిలుకు భూమి. ప్రభుత్వ భూమి చాలక వేల కోట్ల రూపాయలు పెట్టి ప్రైవేటువారి వద్ద భూములు కొన్నారు. ఊరికి దూరంగా, వాన వస్తే నీళ్లు నిలిచే చోట్ల స్థలాలు కొన్నారన్న ఫిర్యాదులు అనేక జిల్లాల్లో వచ్చాయి.

అంటే ఒకే సంవత్సరంలో, ఒకే ప్రభుత్వం ఒక చేత్తో పట్టణం నడుమ ఉన్న స్థలాలు అమ్మకానికి పెట్టి, రెండో చేత్తో ఊరి బయటి పొలాలు కొన్నది. పేదలకు ఇళ్ల స్థలాలు ఇవ్వడం తప్పని కాదు, ఇవ్వవలసిందే. కాని ముప్ఫై, నలభై ఏళ్లుగా ప్రతి ఊరి పోరంబోకూ కొద్దికొద్దిగా చేతులు మారకుండా ఉండి ఉంటే, కొనవలసిన ఎకరాలు ఎన్ని తగ్గేవో ప్రతి ఊరివారూ తమ ఊరి మటుకు లెక్క వేసుకోగలరు.

ఒకే భూమి, రెండు ధరలు

అమ్మక తప్పదనుకున్నా, ఎంతకు అమ్ముతున్నారన్నది మరో ప్రశ్న. దీనికి అమరావతి సదావర్తి సత్రం భూముల కథ చూడాలి. సత్రం మన పొరుగున గుంటూరు ప్రాంతానిది, భూములు మాత్రం చెన్నై శివార్లలో ఉన్నాయి. దేవాదాయశాఖ ఆధ్వర్యంలో 83 ఎకరాల 11 సెంట్లను 2016లో వేలం వేస్తే 22 కోట్ల 44 లక్షలకు పాట ఖాయమయింది. ధర మరీ తక్కువన్న వివాదం లేచి హైకోర్టుకు పోయింది. కోర్టు జోక్యంతో 2017 సెప్టెంబరులో అదే భూమికి మళ్లీ వేలం పెడితే పాట 60 కోట్ల 30 లక్షలకు వెళ్లింది. ఆ తరువాత కూడా వ్యాజ్యాలు తెగలేదు గాని, మనకు కావలసిన పాఠం ఆ రెండు అంకెలలోనే ఉంది. మరుసటి ఏటికే భూమి తనంతట తాను మూడింతల విలువ పెంచుకున్నదంటే నమ్మేవారు ఎవరూ ఉండరు. మొదటిసారి చూసేవారు తక్కువ. రెండోసారి రాష్ట్రమంతా చూస్తున్నది. తేడా అక్కడే వచ్చింది.

కోర్టులూ, పత్రికలూ, శాసనసభ్యులూ పట్టించుకున్న 83 ఎకరాల గతే ఇలా ఉంటే, ఊళ్లో పదిహేను సెంట్ల వేలం ఎలా నడుస్తుందో చెప్పనక్కరలేదు. పాటగాళ్లు ముందురోజు రాత్రే ఒకచోట కూర్చుంటారు. సర్కారువారి పాట మీద వెయ్యో రెండువేలో పెంచి ఒకరు పాడతారు. మిగిలినవారు ధరావతు వెనక్కి తీసుకొని, తమ వంతు ముట్టిందనిపించుకొని ఇళ్లకు పోతారు. సంత ఆశీళ్ల వేలంలోనే ఈ కూటములు చూసినవాళ్లం. అయితే ఆశీళ్లు ఒక్క ఏటికే. మరుసటి ఏడు పోటీ వస్తే నష్టం పూడుతుంది. స్థలం విషయంలో ఆ 'మరుసటి ఏడు' లేదు.

హైదరాబాదు లెక్క వేరు

ఇక్కడ కొందరు కోకాపేట మాట ఎత్తుతారు. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ అక్కడ 45 ఎకరాల 33 సెంట్లు వేలం వేస్తే 3,319 కోట్లకు పైగా వచ్చింది. ఒక ఎకరం ఏకంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ప్రభుత్వం చేతిలో అంత బంగారం ఉంచుకొని అప్పులు చేయడం దేనికని వారి వాదన.

వినడానికి బాగానే ఉంది. కాని ఆ ధర ఎలా వచ్చింది? చుట్టూ ఔటర్ రింగు రోడ్డు, నీరు, కరెంటు, కంపెనీలు వచ్చాక వచ్చింది. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు భూమి విలువను పెంచింది. పెరిగిన విలువ ఆ ఏటి ఖర్చులో కలిసిపోయింది. ఎకరం వంద కోట్లు పలికిన ప్రాంతంలో రేపు ఒక ప్రభుత్వ ఆసుపత్రో, కాలేజీయో కట్టాలంటే సర్కారు కూడా వంద కోట్ల లెక్కనే ఆలోచించాలి. పైగా ఆదాయం అలవాటు కావడం అన్నది ఒకటి ఉంటుంది. ఒక ఏడు భూముల అమ్మకం మీద బడ్జెట్టు నిలబెట్టినవారు మరుసటి ఏడు కూడా అమ్మకానికి ఏముందా అని చూస్తారు. 2025 మార్చిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు దిగడం, విద్యార్థులు అడ్డుపడడం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించడం అందరికీ తెలిసిందే. ఒక పార్టీ పోయి మరొక పార్టీ వచ్చినా చూపు మాత్రం భూమి మీదనే ఉంది.

ఇంగ్లండులో కౌలు కమతాలు

ఇది మన దేశపు రోగమే అనుకోవద్దు. ఇంగ్లండులో కౌంటీ కౌన్సిళ్లు అంటే మన జిల్లా పరిషత్తుల వంటివి. వాటికి సొంత వ్యవసాయ భూములున్నాయి. 1892 చట్టంతో ఆ పద్ధతి ఊపందుకుంది. సొంత భూమి లేని కొత్త రైతుకు చిన్న కమతం కౌలుకిచ్చి నిలదొక్కుకోనివ్వడం దాని ఉద్దేశం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక తిరిగివచ్చిన సైనికులకు కూడా ఇలాగే కమతాలు ఇచ్చారు. 1977లో ఈ కౌన్సిల్ పొలాలు సుమారు 4 లక్షల 26 వేల ఎకరాలు ఉండేవి. 2017 నాటికి 2 లక్షల 15 వేలకు దిగాయి. నలభై ఏళ్లలో సగం పోయాయన్నమాట. పోయింది యుద్ధంలోనో వరదలోనో కాదు. ప్రతి ఏటా బడ్జెట్టు చాలని కౌన్సిలు కొంత, మరొకటి కొంత అమ్ముకుంటూ వచ్చాయి. కౌలు రైతులు ఇంత ఎక్కువగా ఉన్న మన జిల్లాలో ఆ ఏర్పాటు విలువ విడమరచి చెప్పాలా?

అక్కడ ఒక మంచి నిబంధన ఉండేది. ఆస్తి అమ్మిన సొమ్ముతో మరొక ఆస్తి సంపాదించాలి, లేదా పాత అప్పు తీర్చాలి. అంతేగాని జీతాలకు, రోజువారీ ఖర్చులకు వాడరాదు. 2016 నుంచి ఆ ముడి కొంత సడలించారు. పాలనా సంస్కరణల ఖర్చుకు అమ్మకపు సొమ్ము వాడుకోవచ్చునన్నారు. 2014-15 నుంచి 2019 నాటికి ఇంగ్లండులోని కౌన్సిళ్లు 12 వేలకు పైగా ప్రజా స్థలాలను, భవనాలను అమ్మివేశాయని, సుమారు 910 కోట్ల పౌండ్లు వచ్చాయని అక్కడి పరిశోధక విలేకరులు లెక్క తేల్చారు. గ్రంథాలయాలు, యువజన కేంద్రాలు, ఆట స్థలాలు అందులో ఉన్నాయి. ఇన్ని అమ్మినా కౌన్సిళ్ల కష్టాలు తీరలేదు. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిలు చేతులెత్తేసి, అత్యవసరం కాని ఖర్చులన్నీ ఆపివేస్తున్నట్టు నోటీసు ఇచ్చింది. ఆ తరువాత మళ్లీ 75 కోట్ల పౌండ్ల ఆస్తులు అమ్మాలన్న పథకం వేసుకోవలసి వచ్చింది.

ఈ జాగాలు ఎవరివి?

తిరిగి మన ఊళ్లకు వద్దాం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలోది. అంతకు ముందటి కాలంలో ఇది వెంకటగిరి జమీను. అడవిలో, బీళ్లలో పశువులు మేపుకొనే హక్కు కోసం ఆ జమీను రైతులు 1930 దశకంలో పెద్ద ఆందోళన నడిపారు. ఆచార్య రంగా అందులో ముందు నిలిచారు. నెల్లూరు నుంచి వెలువడిన 'జమీన్ రైతు' పత్రిక పేరే ఆ పోరాటాన్ని చెబుతుంది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీను పోయింది. ఊరుమ్మడి భూములు, చెరువులు, పోరంబోకులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. మేపు పుల్లరి గొడవలు చూసిన పెద్దలు ఆ రోజున ఊపిరి పీల్చుకున్నారు. జమీందారు చేతిలోంచి వచ్చిన బీడు, ఊరి చేతిలోంచి జారిపోతుందని వారు అనుకొని ఉండరు.

1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందబయళ్లు, బండ్లు నిలిపే చోట్లు, తోపులు గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. పాఠకులు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. దఖలు పడడం అంటే అమ్ముకొనే హక్కు రావడం కాదు. వాటి వాడకాన్ని క్రమపరచడం పంచాయతీ పని. నిర్దిష్టమైన ప్రజోపయోగానికి కావాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా వెనక్కి తీసుకోవచ్చు. పంచాయతీ కొనుక్కున్న స్థలమో, దాత ఇచ్చిన స్థలమో అయితే సంగతి వేరు. అయినా ప్రభుత్వం ముందస్తు అనుమతి లేనిదే అమ్మడానికి వీల్లేదు. బడికనీ సత్రానికనీ ఇచ్చిన జాగాకు దాత పెట్టిన షరతు ఉంటే అదీ చూడాలి.

2011 జనవరి 28న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. పంజాబులోని ఒక ఊరి చెరువు స్థలం ఆక్రమణపై వచ్చిన జగ్‌పాల్ సింగ్ కేసు అది. న్యాయమూర్తులు మార్కండేయ కట్జూ, జ్ఞాన్ సుధా మిశ్రా. గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమించినవారు ఎంత ఖర్చు పెట్టి కట్టడాలు కట్టినా క్రమబద్ధీకరించరాదని, అన్ని రాష్ట్రాలూ ఆ భూములను ఖాళీ చేయించి ఊరికి అప్పగించే పథకాలు వేయాలని వారు ఆదేశించారు. భూమిలేని కూలీలకు, దళిత గిరిజనులకు ఇచ్చినవి, అప్పటికే బడో వైద్యశాలో ఉన్నవి మినహాయింపు. అదే సంవత్సరం జులైలో మన రాష్ట్ర ప్రభుత్వం 188వ నెంబరు ఉత్తర్వుతో పంచాయతీ ఆస్తుల పరిరక్షణ నిబంధనలు తెచ్చింది. ఆస్తులు గుర్తించాలి, రిజిస్టరులో ఎక్కించాలి, ఆక్రమణలు తొలగించాలి. కాగితం మీద లోటేమీ లేదు.

వేలం లేకుండానే పోతున్నాయి

నిజానికి పల్లెల్లో వేలం దాకా వచ్చే జాగాలు తక్కువ. ఎక్కువ భాగం చడీచప్పుడు లేకుండా పోతాయి. మొదట గడ్డివామి పడుతుంది. తరువాత కంప వేస్తారు. కొన్నాళ్లకు రేకుల కొట్టం లేస్తుంది. దానికి కరెంటు మీటరు, ఇంటి నెంబరు వస్తాయి. పంచాయతీ తానే ఇంటిపన్ను రసీదు ఇస్తుంది. ఆ రసీదే రేపు కోర్టులో పంచాయతీకి ఎదురు సాక్ష్యమవుతుంది. ఆ తరువాత ఎవరో అంటారు: "ఎలాగూ ఆక్రమణలో ఉంది, ఎంతో కొంత కట్టించుకొని ఇచ్చేస్తే పంచాయతీకి నాలుగు డబ్బులొస్తాయి కదా!" వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఇంతవరకూ తెచ్చింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

లేఅవుట్ల సంగతి ఇంకో తీరు. వేసిన ప్రతి లేఅవుట్‌లోనూ పది శాతం ఖాళీ స్థలం ప్రజావసరాలకు స్థానిక సంస్థకు రాసివ్వాలని 2002 నుంచి నిబంధన ఉంది. అనుమతి లేని లేఅవుట్లలో అది అసలు ఉండదు. అనుమతి ఉన్నచోట ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక పార్కు అని గీసిన గడిలోనే మరో రెండు ప్లాట్లు పుడతాయి.

"వాడుకలో లేదు" అన్న మాట కూడా కొంచెం ఆగి చూడాలి. ట్రాక్టర్లు, నూర్పిడి యంత్రాలు వచ్చాక కళ్లంతో పనేమిటి అంటారు. మరి మిరపకాయలు ఎక్కడ ఆరబోస్తున్నారు? అద్దెకు తీసుకున్న చేలల్లో, లేదా తారురోడ్డు మీద. కందులు, జొన్నలు ఆరబోసిన రోడ్డు మీద రాత్రిపూట మోటారు సైకిళ్లు జారి కాళ్లు విరగ్గొట్టుకున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కళ్లం అక్కరలేక పోలేదు. కళ్లం పోయింది కాబట్టి రోడ్డెక్కాం. గొర్రెల మందలు ఉన్నవారిని అడిగితే మేత బీడు వాడుకలో ఉందో లేదో చెబుతారు. తీర్మానం రాసే గదిలో వారు ఉండరు.

కూడికలు, తీసివేతలు

మాట వరసకు ఒక లెక్క వేద్దాం. రోడ్డు పక్కన పంచాయతీకి 20 సెంట్లు ఉన్నాయనుకోండి. సెంటు 2 లక్షల చొప్పున 40 లక్షలు వస్తాయి. ఏటా లోటు 10 లక్షలు ఉంటే నాలుగేళ్లు గడుస్తుంది. అయిదో ఏడు లోటు ఉన్నచోటే ఉంటుంది, స్థలం ఉండదు. అదే చోట 25 లక్షలతో పది కొట్లు కట్టి, నెలకు 3 వేల చొప్పున అద్దెకిస్తే ఏటా 3 లక్షల 60 వేలు. పెట్టుబడి తిరిగి రావడానికే ఏడేళ్లు పడుతుంది. ఇదీ దాచకూడదు. ఆ 25 లక్షలు ముందు ఎక్కడివన్నది కూడా న్యాయమైన ప్రశ్నే. కాని ఏడేళ్ల తరువాత కొట్లూ ఉంటాయి, స్థలమూ ఉంటుంది, అద్దే వస్తూ ఉంటుంది.

అద్దె మార్గం అమృతమేమీ కాదు. ఎప్పటిదో పాత అద్దె కట్టుకుంటూ, దానికి అయిదారింతలకు ఇంకొకరికి పై అద్దెకిచ్చుకొనేవారు చాలా మునిసిపాలిటీల్లో కనిపిస్తారు. ఆ తేడా పురపాలక సంఘానికి వస్తే ఎన్ని వీధుల దీపాలు వెలిగేవో! అందుచేత అమ్మాలా, అద్దెకివ్వాలా అన్నది తేల్చేముందు ఉన్న అద్దెలు సరిచేశారా, మొండి బకాయిలు వసూలు చేశారా అని అడగడం పద్ధతి.

ఎప్పుడూ ఎక్కడా అమ్మరాదని పట్టుబట్టడం కూడా సరికాదు. రెండు ఇళ్ల మధ్య ఇరుక్కుపోయిన అరసెంటు ముక్క, దారి లేని మూల స్థలం ఎవరికీ పనికిరావు. అటువంటివి బహిరంగంగా, తగిన ధరకు అమ్మి, ఆ సొమ్ముతో శ్మశానానికి దారో, మంచినీటి ట్యాంకుకు స్థలమో కొంటే ఊరికి లాభమే. ఒక ఆస్తి పోయి మరొకటి వచ్చింది. పట్టుబట్టవలసిన గీత అదే. అమ్మిన సొమ్ము కరెంటు బిల్లుకు, జీతాలకు పోతున్నదా, లేక మరో శాశ్వతమైన ఆస్తిగా మారుతున్నదా? మొదటిదయితే ఏ అధికారి సంతకం ఉన్నా, ఏ పార్టీ తీర్మానమయినా అది తప్పే.

ఎవరిని అడగాలి?

గ్రామ పంచాయతీలలో ఉన్నవారికి గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు పెట్టారు. పనుల జాబితాలు చదివారు, తీర్మానాలు చేశారు. ఆ సభలో లేచి "మన పంచాయతీ ఆస్తుల రిజిస్టరు చదవండి" అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. చదవకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు. రిజిస్టరు నకలు, 22-ఏ నిషేధిత జాబితాలో ఊరి సర్వే నెంబర్లు, గత పదేళ్లలో స్థలాలపై చేసిన తీర్మానాలు అడిగితే చాలు, సగం కథ తెలుస్తుంది.

పొదిలి పట్టణం వారి పరిస్థితి వేరు. నగర పంచాయతీ అయ్యాక గ్రామసభ అన్నది లేదు. పాత పంచాయతీ ఆస్తులు కొత్త సంస్థకు సంక్రమిస్తాయి. అమ్మాలన్నా, లీజుకివ్వాలన్నా కౌన్సిలు తీర్మానం కావాలి. ఎన్నికైన కౌన్సిలు లేని కాలంలో ఆ పని ప్రత్యేకాధికారి ఒక్కరి సంతకంతో జరిగిపోవచ్చు. పన్నులు పెరిగిన సంగతి అందరూ గమనిస్తారు గాని, నలుగురు కూర్చొని అడిగే చోటు పోయిన సంగతి ఎక్కువమంది గమనించరు. చుట్టుపక్కల గ్రామాలను కలుపుకొని పట్టణాలు పెరిగే ప్రతిచోటా ఇదే జరుగుతున్నది. అందుకే పంచాయతీ నగర పంచాయతీగా మారే రోజున ఏయే స్థలాలు, ఎన్ని సెంట్లు, ఏ హద్దులతో అప్పగించారో చెప్పే జాబితా ఒకటి ఉండాలి. పొదిలిలో వార్డుకు ఇద్దరు కలిసి వెళ్లి అడగవలసిన కాగితం అదే.

పాత కరణాల లెక్కలు 1984లో ఆ ఉద్యోగాల రద్దుతో చేతులు మారాయి. అడంగలు, ఎఫ్.ఎం.బి. పటం తహశీలుదారు కార్యాలయంలో దొరుకుతాయి. వాటిలో పోరంబోకు అని ఉన్న ప్రతి నెంబరునూ పంచాయతీ రిజిస్టరుతో సరిపోల్చాలి. కొన్ని ఊళ్లలో రిజిస్టరులో 'బందెలదొడ్డి' అని వరుస ఉంటుంది, ఎదురుగా విస్తీర్ణం గడి ఖాళీగా ఉంటుంది. ఏ చెట్టు నుంచి ఏ గోడ దాకా దొడ్డి ఉండేదో చూపించగల ముసలివాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలి ఉన్నారు. సర్వేయరును పిలిపించడమంటూ జరిగితే, వాళ్లు నడవగలిగిన ఈ రోజుల్లోనే పిలిపించాలి.